వ్యాపార స్థలంలో జారిపడి గాయపడితే: పరిహారం ఎక్కడ ఆగిపోతుంది, దానికేం చేయాలి

దుకాణంలోనో, హోటల్లోనో, షాపింగ్ మాల్‌లోనో జారిపడ్డారన్న ఒక్క కారణంతో న్యాయస్థానాలు పరిహారం ఇప్పించవు. ఆ స్థలాన్ని నిర్వహించేవారు తీసుకోవలసిన జాగ్రత్త తీసుకోలేదనీ, అందువల్లనే మీరు పడ్డారనీ, ఆ పడటం వల్లనే ఈ గాయమైందనీ మూడూ చూపించవలసి ఉంటుంది. బ్రిటన్, అమెరికా, భారతదేశం వంటి, ఆంగ్ల న్యాయ సంప్రదాయం పాటించే దేశాలలో మూలసూత్రం ఇదే. గడువులు, బాధ్యతను పంచే లెక్కలు మాత్రం చోటును బట్టి మారతాయి. ఇటువంటి దావాలు సాధారణంగా ఎక్కడ చిక్కుపడతాయో, ఎందుకు చిక్కుపడతాయో, ఆ చిక్కు ఎలా విడదీయాలో కింద వివరించాము.

సమస్య: “అవి అప్పుడే ఒలికిన నీళ్ళు, మాకు తెలియదు” అని యాజమాన్యం అంటోంది

కారణం: చాలా దావాలు వీగిపోయేది ఇక్కడే. నేల మీద ప్రమాదం ఉన్న సంగతి యాజమాన్యానికి తెలిసైనా ఉండాలి, లేదా సరిగ్గా చూసుకునేవారికి తెలిసిపోయేంత సేపు అది అక్కడ పడి అయినా ఉండాలి. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం రైల్వే ప్లాట్‌ఫారం మీద అరటి తొక్క వల్ల జారిపడిన రెండు కేసులను విచారించింది. 1901లో, ఆ తొక్కను రైలు దిగిన ప్రయాణికుడెవరో ఒక్క నిమిషం ముందే పడేసి ఉండవచ్చు కదా అని దావాను నిలబడనివ్వలేదు. 1911లో మాత్రం తొక్క నల్లబడి, ఎండిపోయి, మట్టి కొట్టుకుని, పలువురి కాళ్ళ కింద పడినట్టు ఉందని సాక్షులు చెప్పడంతో, అది చాలాసేపటి నుంచి అక్కడే ఉందనుకోవచ్చని బాధితురాలి పక్షాన తీర్పు చెప్పింది. తీర్పును మార్చినది తొక్క ఉన్న స్థితే.

పరిష్కారం: మీరు ఫోటో తీయవలసినది దెబ్బ ఒక్కటే కాదు, మిమ్మల్ని జారేలా చేసినదాన్ని కూడా. ఒలికిన ద్రవం అంచులు ఆరిపోయాయా, అందులో మీ చెప్పుల గుర్తులే కాక ఇతరుల అడుగులు, ట్రాలీ చక్రాల గీతలు ఉన్నాయా, మురికి చేరిందా అన్నవి దగ్గరగా తీయాలి. ఆ తరువాత, హెచ్చరిక బోర్డు లేదని తెలిసేలా దూరం నుంచి మరొకటి తీయాలి. మీరు లేవలేని స్థితిలో ఉంటే పక్కనున్నవారి చేత తీయించండి, ఎందుకంటే మీరు కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగేలోపే నేల తుడిచేస్తారు. “ఇందాకటి నుంచి ఇలాగే ఉంది” అన్న తోటి కొనుగోలుదారు మాటకు విలువ చాలా ఎక్కువ కాబట్టి, ఆ వ్యక్తి పేరు, ఫోన్ నంబరు అప్పుడే రాసుకోవాలి.

శుభ్రపరిచే సిబ్బంది సంతకాలు పెట్టే రిజిస్టరు నకలు కూడా లిఖితపూర్వకంగా కోరాలి. గంటగంటకూ ఒకే కలంతో, ఒకే వరుసలో పెట్టిన సంతకాలు కనిపిస్తే, అవన్నీ ఒకేసారి పెట్టినవేమోనని ప్రశ్నించడానికి మీ న్యాయవాదికి అవకాశం దొరుకుతుంది. ఇంగ్లాండు అప్పీలు న్యాయస్థానం 1976లో టెస్కో సూపర్ మార్కెట్‌కు సంబంధించిన కేసులో మరో ముఖ్యమైన మాట చెప్పింది. ఒలికిన యోగర్ట్ మీద జారిపడిన కొనుగోలుదారు అది ఎంతసేపటి నుంచి ఉందో నిరూపించలేకపోయినా, జాగ్రత్తలు సక్రమంగా పాటించామని వివరించవలసిన భారం దుకాణానిదేనని మెజారిటీ న్యాయమూర్తులు తేల్చారు. ఆమె సుమారు మూడు వారాల తరువాత మళ్ళీ అదే దుకాణానికి వెళ్ళినప్పుడు, ఒలికిన నారింజ పానీయాన్ని పావుగంట పాటు ఎవరూ పట్టించుకోకపోవడం గమనించి చెప్పిన సాక్ష్యం కూడా ఆ కేసులో ఉంది. నిర్వహణ తీరును బయటపెట్టడానికి ఇంతకన్నా తేలికైన మార్గం కనిపించదు.

సిబ్బందే తడిగుడ్డ పెట్టి బోర్డు పెట్టడం మరచిపోయినట్లయితే ఈ తర్జనభర్జన అవసరం లేదు. ప్రమాదాన్ని సృష్టించినవారు తమకు తెలియదని చెప్పలేరు.

సమస్య: సీసీటీవీ ఫుటేజీ ఇవ్వడం లేదు, లేదా చెరిగిపోయిందంటున్నారు

కారణం: రికార్డరులో స్థలం నిండగానే పాత దృశ్యాల మీద కొత్తవి వచ్చి చేరతాయి. నోటిమాటగా అడిగినంత మాత్రాన ఫుటేజీ చేతికి ఇవ్వవలసిన బాధ్యత సాధారణంగా సంస్థకు ఉండదు.

పరిష్కారం: ఫుటేజీ ఇమ్మని వాదించే ముందు, దాన్ని భద్రపరచమని రాతపూర్వకంగా కోరాలి. తేదీ, సమయం, పడిన చోటు, పైన కనిపించిన కెమెరా ఎక్కడుందో పేర్కొని, చేరినట్టు ఆధారం ఉండేలా ఈమెయిలు ద్వారానూ, రిజిస్టర్డు పోస్టు ద్వారానూ పంపాలి. మీరు పడిన నిమిషాన్ని ఒక్కదాన్నే అడిగితే సరిపోదు. పడటానికి ముందు గంటసేపటి దృశ్యాలే అసలైన సాక్ష్యం, ఎందుకంటే ద్రవం ఎప్పుడు ఒలికిందో, దాని పక్కనుంచి ఎంతమంది సిబ్బంది నడిచి వెళ్ళారో వాటిలోనే తెలుస్తుంది. బ్రిటన్‌లో తన రూపం ఉన్న దృశ్యాలను సమాచార రక్షణ చట్టం కింద బాధితుడే నేరుగా కోరవచ్చు. ఇటువంటి నోటీసు అందిన తరువాత కూడా చెరిపేస్తే, అందులోని విషయం సంస్థకు ప్రతికూలమైనదని భావించే అధికారం న్యాయస్థానానికి ఉంటుంది.

సమస్య: “చూసి నడవకపోవడం మీ తప్పే” అంటున్నారు

కారణం: బాధితుడి అజాగ్రత్త ఎంత శాతమో తేలితే పరిహారం అంత మేర తగ్గుతుంది. బ్రిటన్‌లో 1945 నాటి చట్టం నుంచి ఈ పద్ధతి ఉంది. అమెరికాలో కాలిఫోర్నియా, న్యూయార్క్ రాష్ట్రాలు ఇదే రీతిన శాతం మేరకే తగ్గిస్తాయి. పలు రాష్ట్రాలలో మీ వాటా సగం దగ్గరకు వచ్చేసరికి దావాయే పోతుంది. అలబామా, మేరీల్యాండ్, నార్త్ కరోలినా, వర్జీనియాలలోనైతే స్వల్పమైన తప్పు కూడా పరిహారానికి అడ్డంకి కాగలదు.

పరిష్కారం: ఆ రోజు వేసుకున్న చెప్పులను కడగకుండా, మళ్ళీ వాడకుండా సంచిలో పెట్టి ఉంచండి, అడుగు అరిగిపోలేదని అవే చెబుతాయి. వెలుతురు చాలకపోవడం, నేల రంగులో నీళ్ళు కనిపించకపోవడం, చూపును పైకి లాగే ప్రకటన బోర్డులు వంటి పరిస్థితులను వెంటనే రాసిపెట్టుకోవాలి. మేనేజరు తయారుచేసే ఇన్సిడెంట్ రిపోర్టులో జరిగినది చెప్పి నకలు తీసుకోండి. ఇబ్బందిగా అనిపించి “ఫరవాలేదు, నేనే చూసుకోలేదు” అని మర్యాద కోసం అన్నమాట ఆ కాగితంలోకి ఎక్కితే తరువాత తుడవడం కష్టం.

సమస్య: గాయానికి, పడటానికి సంబంధం లేదని బీమా సంస్థ అంటోంది

నొప్పి పెరిగాక, కొన్ని వారాల తరువాత మొదటిసారి వైద్యుడిని కలవడమే దీనికి సాధారణ కారణం. అదే రోజో, మరునాడో చూపించుకుని, ఎక్కడ ఎలా పడ్డారో కేస్ షీటులో రాయించాలి. పాత మోకాలి నొప్పి ఉంటే దాచకండి. ఉన్న నొప్పి ముదిరినా పరిహారం కోరవచ్చు గాని, దాచిన సంగతి బయటపడితే మిగిలిన మాటలనూ నమ్మరు.

సమస్య: ఆస్పత్రి ఖర్చులు ఇస్తామని కాగితం మీద సంతకం అడుగుతున్నారు

ఆ కాగితంలో “పూర్తి, తుది పరిష్కారం” అన్న అర్థం వచ్చే వాక్యం ఉంటే, తరువాత శస్త్రచికిత్స అవసరమని తేలినా మళ్ళీ అడిగే హక్కు సాధారణంగా పోతుంది. చికిత్స ఒక కొలిక్కి వచ్చి, భవిష్యత్ ఖర్చులు, కోల్పోయిన జీతం లెక్క తేలేవరకు సంతకం వాయిదా వేయాలి. మానవతా దృక్పథంతో ఇస్తున్నామంటే, ఆ మొత్తం తుది పరిష్కారం కాదని రసీదు మీదే రాయించుకుని తీసుకోవచ్చు.

సమస్య: నోటీసు ఎవరికివ్వాలో, ఎక్కడికి వెళ్ళాలో తెలియడం లేదు

కారణం: భవనం ఒకరిది, అద్దెకున్న దుకాణం మరొకరిది, శుభ్రపరిచే కాంట్రాక్టు ఇంకొకరిది కావచ్చు, ఒకరికే నోటీసిస్తే వారు మిగిలినవారి వైపు వేలు చూపిస్తారు, ఈలోగా గడువు దాటిపోతుంది.

పరిష్కారం: సంబంధం ఉన్న అందరికీ ఒకేసారి లీగల్ నోటీసు ఇవ్వాలి. ఇంగ్లాండులో దావాకు సాధారణ గడువు 3 సంవత్సరాలు, కాలిఫోర్నియాలో 2, న్యూయార్క్‌లో 3. అయితే పడిన చోటు నగరపాలక సంస్థది అయితే న్యూయార్క్‌లో 90 రోజుల లోపలే నోటీసివ్వాలి. భారతదేశంలో సొమ్ము చెల్లించి సేవ పొందినవారు, సేవాలోపం కింద 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం 2 సంవత్సరాలలోగా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది. బిల్లు లేకపోతే “మీరు మా వినియోగదారులే కారు” అన్న అభ్యంతరం మొదట వస్తుంది గనుక, ఆ రోజు బిల్లును గాని, చెల్లింపు సందేశాన్ని గాని ఫిర్యాదుకు జతపరచాలి. ఏమీ కొనకముందే పడినవారు, నిర్లక్ష్యం ఆధారంగా సివిల్ న్యాయస్థానంలో దావా వేసే మార్గాన్ని న్యాయవాదితో చర్చించుకోవడం మేలు.