స్పౌజ్ వీసా ఫైల్లో ఫొటోలు ఎలా పెట్టాలి?

స్పౌజ్ వీసాకి, అంటే విదేశంలో ఉన్న భర్త లేదా భార్య దగ్గరికి వెళ్లే వీసాకి, ఫైల్ తయారు చేసుకోవడం మొదలుపెట్టగానే అందరూ ముందు తెరిచేది ఫోన్ గ్యాలరీయే. అందులో రెండు వేల ఫొటోలుంటాయి. ఏది చూసినా ముఖ్యమైనదే అనిపిస్తుంది, ఏదీ వదలబుద్ధి కాదు. కానీ ఫైల్ చూసే ఆఫీసరుకి మీ జంట ఎంత ముచ్చటగా ఉందో అనవసరం. ఫారంలో మీరు రాసిన తేదీలు, ఊళ్లు, పేర్లు ఈ ఫొటోలతో కలుస్తున్నాయా లేదా అన్నదే ఆయనకి కావాలి. ఈ మాట గుర్తుంటే ఏది ఉంచాలో, ఏది తీసేయాలో మీకే తెలిసిపోతుంది.

ఇంకో మాట. ఫొటోల మీద మరీ ఎక్కువ ఆశ పెట్టుకోకండి. ఆస్ట్రేలియా భాగస్వామి వీసాలో బంధాన్ని నాలుగు వైపుల నుంచి చూస్తారు: డబ్బు వ్యవహారాలు, ఇంటి నిర్వహణ, నలుగురిలో గుర్తింపు, ఒకరికొకరు కట్టుబడి ఉండటం. ఫొటోలు ముఖ్యంగా పనికొచ్చేది మూడోదానికి. అమెరికాకి భార్యని లేదా భర్తని పిలిపించుకోవడానికి వేసే ఐ-130 పిటిషన్‌లో కూడా జాయింట్ అకౌంట్, ఇద్దరి పేర్లున్న అద్దె అగ్రిమెంట్, పిల్లల బర్త్ సర్టిఫికెట్ లాంటివే గట్టి ఆధారాలు. ఫొటోలు వాటికి తోడు మాత్రమే.

మొదట చెక్‌లిస్ట్ చదవండి

మీరు వెళ్లే దేశం ఇచ్చిన చెక్‌లిస్ట్‌లో ఫొటోల సంఖ్యకి పరిమితి ఉందేమో చూడండి. కెనడా స్పౌజ్ స్పాన్సర్‌షిప్ చెక్‌లిస్ట్ 20కి మించి వద్దంటుంది. ఫైల్ సైజు, ఫార్మాట్ కూడా అప్‌లోడ్ పేజీలోనే రాసి ఉంటాయి. ఇవి మారుతుంటాయి కాబట్టి ఎప్పుడో డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్న కాపీని నమ్మకుండా, ఫైల్ వేసే వారంలో ఇంకోసారి చూసుకోండి. పరిమితి ఏమీ లేకపోయినా పదిహేను, ఇరవై దగ్గర ఆగడమే మంచిదని నా అభిప్రాయం.

కాలం వారీగా ఏరండి

ఒక కాగితం మీద మీ బంధంలోని ఘట్టాలు వరసగా రాయండి: మొదటిసారి కలిసింది, ఇరువైపుల పెద్దల్ని కలిసింది, నిశ్చితార్థం, పెళ్లి, తర్వాత చేసిన ప్రయాణాలు, కలిసి ఉన్న ఇల్లు, ఈమధ్య కలుసుకున్నది. ఒక్కోదానికి రెండు మూడు ఫొటోలు చాలు. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. ఇరవైలో పదిహేను పెళ్లి ఫొటోలే ఉంటాయి. ఎన్ని ఉన్నా అవి చెప్పేది ఒక్క రోజు గురించే. అవే బట్టలు, అదే హాలు, అదే లైటింగ్. దాని బదులు ఐదు వేర్వేరు సందర్భాల్లో, వేర్వేరు మనుషుల మధ్య తీసినవి ఐదు పెడితే ఎక్కువ మాట్లాడతాయి.

ఇద్దరే ఉన్న సెల్ఫీల కన్నా తల్లిదండ్రులు, తోబుట్టువులు, స్నేహితులు కూడా ఉన్నవాటికి విలువ ఎక్కువ. మీ బంధం నలుగురికీ తెలుసని అవి చూపిస్తాయి. ముఖాలు స్పష్టంగా కనిపించాలి. నల్ల కళ్లద్దాలు, ఫిల్టర్లు, ముద్దు ఎమోజీలు ఉన్నవి పక్కన పెట్టండి. మరీ వ్యక్తిగతమైనవి అసలే వద్దు, వాటిని ఎవరూ అడగరు. దూరంగా ఉంటున్న జంటలైతే తేదీ కనిపించే వీడియో కాల్ స్క్రీన్‌షాట్లు రెండో మూడో కలపొచ్చు.

ఒరిజినల్ ఫొటోలే తీసుకోండి

మామూలుగా వాట్సాప్‌లో పంపిన ఫొటో సైజు తగ్గిపోతుంది, దాని లోపల దాగి ఉండే తీసిన తేదీ, చోటు వివరాలూ పోతాయి. ఫోన్ దాన్ని వచ్చిన తేదీతో చూపించే అవకాశం ఉంది. అందుకని బంధువుల దగ్గర ఉన్న ఫొటోలు కావాలంటే డాక్యుమెంట్‌గా పంపమనండి, లేదా ఈమెయిల్ చేయమనండి.

క్యాప్షన్ మీదే టైమ్ పెట్టండి

మొత్తం పనిలో సగం సమయం దీనికే ఇవ్వాలి. "మా ట్రిప్, ఎంత హ్యాపీ!" అని రాస్తే ఆఫీసరుకి ఒక్క ముక్క కూడా అందదు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏ సందర్భం, ఈ నాలుగూ ఉండాలి. ఇలా రాయండి: "12 మార్చి 2023, ఎయిర్‌పోర్టు బయట. ఎడమ నుంచి: దరఖాస్తుదారు, స్పాన్సర్, స్పాన్సర్ చెల్లెలు. దరఖాస్తుదారు మొదటిసారి వచ్చిన రోజు." దరఖాస్తుదారు, స్పాన్సర్ (అంటే పిలిపించుకునే భాగస్వామి) లాంటి మాటల పక్కన మనుషుల పూర్తి పేర్లు ఫారంలో ఎలా ఉంటే అలాగే రాయాలి. క్యాప్షన్లు మీరు దరఖాస్తు వేసే భాషలోనే ఉండాలి.

తేదీలతో జాగ్రత్త. ఆటోమేటిక్‌గా టైమ్ మారని పాత డిజిటల్ కెమెరా ఉందనుకోండి, అది ఇంటి టైమ్ మీదే నడుస్తుంటుంది. మీ ఇంటి కన్నా పది గంటలు ముందున్న దేశంలో 12వ తేదీ పొద్దున ఏడుకి దిగి ఫొటో తీస్తే, కెమెరా లెక్కలో అది ఇంకా 11 రాత్రి తొమ్మిదే. ఆ తేదీనే క్యాప్షన్‌లో రాస్తే, పాస్‌పోర్టులో స్టాంపు పడకముందే ఆ దేశంలో ఫొటో దిగినట్టు అవుతుంది! ప్రతి ప్రయాణం ఫొటోనీ స్టాంపు, టికెట్ల పక్కన పెట్టి చూసుకోండి. కచ్చితమైన తేదీ గుర్తులేకపోతే ఊహించి రాయకండి. "జూన్ 2022" అంటే సరిపోతుంది.

ఒక్క పీడీఎఫ్ చేయండి

గూగుల్ డాక్స్‌లో గానీ వర్డ్‌లో గానీ పేజీకి రెండు ఫొటోలు, కింద క్యాప్షన్, ప్రతి ఫొటోకి నంబరు. పాతవి ముందు, కొత్తవి చివర. దాన్ని పీడీఎఫ్‌గా సేవ్ చేయండి. సైజు దాటితే పీడీఎఫ్‌ని కుదించండి, కానీ తర్వాత తెరిచి ముఖాలు మసకబారాయేమో చూడండి. డ్రైవ్ లింకులు ఇచ్చి "మిగతావి ఇక్కడ చూడండి" అనొద్దు, వాటిని తెరుస్తారన్న నమ్మకం లేదు. పోస్టులో పంపేవాళ్లు కూడా ఇలాగే ప్రింట్ తీయండి. ఆల్బమ్‌లు పంపొద్దు.

ఫొటోలు తక్కువగా ఉంటే

కొందరికి ఫొటోలు దిగే అలవాటే ఉండదు. పెళ్లికి పదిమందే వచ్చి ఉండొచ్చు. టెన్షన్ పడి, ఒకే రోజు నాలుగు చొక్కాలు మార్చి నాలుగు చోట్ల ఫొటోలు తీసుకునే పని మాత్రం చేయకండి. ఉన్నవాటినే పెట్టి, ఎందుకు తక్కువో కవర్ లెటర్‌లో రెండు వాక్యాల్లో చెప్పండి. చాట్ రికార్డులు, ప్రయాణ టికెట్లు, మిమ్మల్ని ఎరిగినవాళ్ల స్టేట్‌మెంట్లు ఆ లోటు తీరుస్తాయి. ఎడిటింగ్ చేసి పక్కపక్కన చేర్చిన ఫొటో దొరికిందంటే వ్యవహారం ఫొటోతో ఆగదు. తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే కెనడాలో ఐదేళ్ల నిషేధం పడుతుంది.

పంపాక

పంపిన పీడీఎఫ్ కాపీ ఇద్దరి దగ్గరా ఉండాలి. ఇంటర్వ్యూ పడితే ముందు రోజు ఇద్దరూ విడివిడిగా చూసుకోండి. ఫలానా ఫొటోలో పక్కనున్నది ఎవరని అడిగితే ఒకరు మేనమామ అని, ఇంకొకరు ఫ్రెండ్ అని చెప్పకూడదు కదా. వీసా వచ్చిందని ఆ ఫోల్డర్‌ని చెరిపేయకండి. పెళ్లయి రెండేళ్లు నిండకముందే అమెరికా గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకి అది రెండేళ్ల షరతులతోనే వస్తుంది. ఆ షరతులు తీయించుకోవడానికి ఐ-751 వేసేటప్పుడు ఈసారి పెళ్లి తర్వాతి కాలానికి ఆధారాలు అడుగుతారు. నెలకో ఫొటో, అదే రోజు ఒక లైను క్యాప్షన్‌తో ఆ ఫోల్డర్లో వేస్తూ ఉండండి.