ప్రతిసారీ అదే కోపం, అదే భయం ఎందుకొస్తోందో పట్టుకోవడం ఎలా

సైకోడైనమిక్ పద్ధతి అనే మానసిక చికిత్స పేరు వినగానే సోఫా మీద పడుకుని చిన్నప్పటి సంగతులు చెప్పుకోవడమే అనుకుంటారు చాలామంది. అసలు సంగతి ఏంటంటే, మనం తట్టుకోలేని కోరికో కోపమో భయమో ఉంటే మనసు దాన్ని అచేతనంలోకి, అంటే మనకే తెలియని లోపలి పొరల్లోకి నెట్టేస్తుంది, నెట్టేసినంత మాత్రాన అది పోదు కదా, వేరే వేషంలో బయటికొస్తుంది. 1895లో వియన్నా డాక్టర్లు బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి హిస్టీరియా మీద రాసిన పుస్తకం నుంచీ ఈ ఆలోచన నడుస్తోంది. అందుకే లక్షణం కనపడగానే దాన్ని వదిలించుకోవాలని చూడకుండా, ఇది నన్ను దేన్నుంచి కాపాడుతోంది అని అడగాలి. నాకైతే ఈ పద్ధతి మొత్తంలో విలువైన ప్రశ్న ఇదే.

ముందు కారణం చిన్నదై రియాక్షన్ పెద్దదైన సందర్భం ఒకటి తీసుకోండి. ఫ్రెండ్‌కి మెసేజ్ పెట్టారు, చూశారని తెలుస్తోంది, గంటైనా రిప్లై లేదు, ఒళ్ళు మండిపోయి పెద్ద మెసేజ్ టైప్ చేసి మళ్ళీ డిలీట్ చేశారనుకుందాం. ఆ రోజే ఓ పావుగంట కూర్చుని, దాని గురించి మనసులోకి ఏదొస్తే అది కాగితం మీద పెట్టండి, తప్పొప్పులు చూడొద్దు, సిగ్గనిపించినా కొట్టేయొద్దు. ఫ్రీ అసోసియేషన్ అంటే ఇదే.

ఇక్కడ జాగ్రత్తగా గమనించాల్సింది మీరు ఏం రాశారన్నదానికంటే ఎక్కడ ఆగిపోయారన్నది. "అయినా నాకేం పట్టింది" అని రాసి, ఉన్నట్టుండి ఏదో పని గుర్తొచ్చి లేచిపోతారు చూడండి, అదే రెసిస్టెన్స్, అంటే బాధపెట్టేదాని దగ్గరికి రాగానే మనసు అడ్డుపడటం. ఆ వాక్యానికి ముందు ఎవరి పేరొచ్చింది, ఏ వయసు జ్ఞాపకం వచ్చింది చూసి, అక్కడ గీత గీసి, రేపు మళ్ళీ అక్కణ్ణుంచే మొదలుపెట్టండి. తొందరపడి ఒక్కరోజులో అర్థం చెప్పేసుకోవద్దు.

ఆ రాతల్లో డిఫెన్సులు, అంటే బాధ తగలకుండా మనసు వేసే ఎత్తులు కూడా కనపడతాయి. మన కోపాన్ని ఎదుటివాళ్ళకి అంటగట్టి "వాడికే నేనంటే పడదు" అనుకోవడం ప్రొజెక్షన్, లోపల మంటగా ఉన్నా పైకి అతిగా ప్రేమ చూపించడం రియాక్షన్ ఫార్మేషన్. ఫ్రాయిడ్ కూతురు అన్నా ఫ్రాయిడ్ 1936లో వీటిని ఓపిగ్గా విడమర్చి రాసింది. ఇవేవీ తప్పులు కావు, ఒకప్పుడు మనల్ని నిలబెట్టినవే.

ఇక కలలకి రెడీమేడ్ అర్థాలు వెతకొద్దు, ఆ కల మీకు ఏం గుర్తుచేస్తోందో అంతవరకే చూడండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. స్కిజోఫ్రీనియా తల్లి పెంపకం వల్ల వస్తుందని ఒకప్పుడు ఈ పద్ధతిలో వైద్యం చేసే కొందరు ఎనలిస్టులు చెప్పారు, అది తప్పు, ఎంతోమంది తల్లుల్ని ఏడిపించింది. స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటివాటికి డాక్టర్ ఇచ్చిన మందులు ఈ రాతల్ని నమ్ముకుని ఆపొద్దు. చనిపోవాలనే ఆలోచనలు వస్తుంటే కాగితం పక్కన పెట్టి ఆ రోజే డాక్టర్ని కలవండి, దగ్గరివాళ్ళకి చెప్పండి.

థెరపిస్ట్ దగ్గరికి వెళ్తే గీత గీసిన ఆ కాగితాలు పట్టుకెళ్ళండి. కొన్ని సెషన్ల తర్వాత ఆయన మీదే కారణం లేకుండా అలక వస్తే దాచుకోకుండా మొహం మీదే చెప్పేయండి, పాత మనుషుల మీదున్న భావాలు థెరపిస్ట్ మీదికి మళ్ళడం, ట్రాన్స్‌ఫరెన్స్ అనేది అదే, ఈ పద్ధతిలో పని జరిగేదంతా చాలావరకు అక్కడే.