సినాప్సిస్ రాద్దాం - 4వ పాఠం: ‘ఇంతవరకు ఎవరూ చేయలేదు’

సినాప్సిస్ అంటే పీహెచ్‌డీకి ముందు కమిటీకి ఇచ్చే పరిశోధన ప్రణాళిక. పోయిన పాఠం చివర్లో అర పేజీ రాయమన్నాను, మీ అంశంలో రీసెర్చ్ గ్యాప్ ఎక్కడుందో చెప్పమని. ఈ వారం ఆబ్జెక్టివ్స్ మొదలుపెట్టాల్సింది. మీరు పంపినవి చదివాక ఆ ఆలోచన పక్కన పెట్టాను. ముప్పాతిక మంది రాసిన వాక్యం ఒక్కటే: “ఈ అంశంపై ఇంతవరకు ఎవరూ పరిశోధన చేయలేదు.” ఇద్దరైతే “ప్రపంచంలోనే” అని కూడా తగిలించారు. తప్పు కొంత నాదే. గ్యాప్ అంటే ఖాళీ అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేశాను. ఖాళీ అనగానే మీరంతా బస్సు సీటు మీద తువ్వాలు వేసేశారు.

ఈ వాక్యం నేనూ రాశాను కాబట్టే ఇంత చిరాకు. చేనేత మీద నా మొదటి సినాప్సిస్ పట్టుకుని కమిటీ ముందు కూర్చున్న రోజు, ఓ పెద్దాయన కళ్లద్దాలు తుడుచుకుంటూ “ఎక్కడెక్కడ వెతికావు నాయనా?” అన్నారు. లైబ్రరీలో అన్నాను. “ఏ మాటలు పెట్టి వెతికావు?” అన్నారు. నోట మాట రాలేదు. ఆ అంశానికి దగ్గరగా ఉన్న థీసిస్‌కు ఆయనే గైడ్. ఆ కాగితాలు వెనక్కొచ్చాయి, నాకు ఆరు నెలలు పోయాయి.

ఎవరూ చేయలేదు అంటున్నామంటే, అసలు మాట ‘నాకు దొరకలేదు’ అని. దొరకకపోవడానికి మన సీమలో ఒక పెద్ద కారణం ఉంది, స్పెల్లింగు. కడప మీద పని చేస్తున్నవాళ్లు ఇంగ్లీషులో ‘కె’తో మొదలయ్యే కడప అని కొట్టి, నాలుగు ఫలితాలు చూసి మూసేస్తున్నారు. 2005 దాకా అధికారికంగా ఆ ఊరిని ‘సి’తో మొదలుపెట్టి, మధ్యలో రెండు ‘డి’లు పెట్టి, చివర ‘హెచ్’తో రాసేవారు. పాత థీసిస్‌లు, గెజిటీర్లు, సెన్సస్ పుస్తకాలు అన్నీ ఆ పేరు కిందే ఉంటాయి. 2010లో జిల్లాకు వైఎస్సార్ పేరు పెట్టారు, కాబట్టి ఆ పేరుతోనూ వెతకాలి. అనంతపురం ఇంకా ఘోరం. ‘టి’ పక్కన ‘హెచ్’ ఉన్నదొకటి, లేనిదొకటి, చివర ‘పూర్’ అని ఒకటి, ‘పురము’ అని ఒకటి. ఒక్క శోధ్‌గంగలోనే (మన యూనివర్సిటీల థీసిస్‌లు పెట్టే వెబ్‌సైటు) ఈ నాలుగు రకాలుగానూ కొట్టి చూడాలి. ఇంకా పాతవాటిలో మన సీమ జిల్లాలకు దత్త మండలాలు అని ఉంటుంది, దాని ఇంగ్లీషు పేరు ‘సీడెడ్ డిస్ట్రిక్ట్స్’ కూడా రాసి పెట్టుకోండి. పంటకూ ఇదే తిప్పలు. మనం ఇంట్లో శెనక్కాయలంటాం, బుడ్డలంటాం, ఇంగ్లీషులో గ్రౌండ్‌నట్ అని కొడతాం. అదే పంట మీద పని పీనట్ కింద ఉంటుంది, నూనెగింజల కింద ఉంటుంది, మెట్ట సేద్యం కింద కూడా ఉంటుంది.

శోధ్‌గంగలో పూర్తయిన థీసిస్‌లే ఉంటాయి. జరుగుతున్న పరిశోధనల సినాప్సిస్‌ల కోసం శోధ్‌గంగోత్రి చూడండి. దాని పేరు వినగానే “అదేంటి సార్?” అన్నవాళ్లే ఎక్కువ. అందులో మీ అంశం మీద మీలాంటివాళ్లే రాసిన సినాప్సిస్‌లు కనిపిస్తాయి. కాపీ కొట్టమని కాదు, భయపడమని.

సరే, నిజంగానే ఎవరూ చేయలేదనుకుందాం. అయితే ఏంటి? మా వీధి చివర వేపచెట్టు కింద రోజూ ఎంతమంది కూర్చుంటారో కూడా ఇంతవరకు ఎవరూ పరిశోధించలేదు. ఎవరూ చేయకపోవడం కారణం కాదు. ముందువాళ్లు నడిచి నడిచి ఎక్కడ ఆగారో, ఆ ఆగిన చోటు వల్ల మనకు ఏది తెలియకుండా పోయిందో చెప్పాలి. అది చెప్పాలంటే వాళ్లను చదవాలి. అందుకే చదవనివాళ్లకు ఆ వాక్యం అంత ఇష్టం.

ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. ఒకరు పంపిన అంశం, అనంతపురంలో వేరుశనగ వదిలి చీనీ (బత్తాయి) తోటలకు మారిన రైతులు. మంచి అంశం. వాళ్లకు మూడు పాత థీసిస్‌లు దొరికాయనుకోండి. ఒకటి 2009లో ముగిసింది. ఆ జిల్లాలోని జీడిపల్లి రిజర్వాయర్‌కు హంద్రీ-నీవా (కృష్ణా నీళ్లను సీమకు తెచ్చే ప్రాజెక్టు) నీళ్లు వచ్చింది 2012లో. అంటే ఆ థీసిస్ రాసినాయన ఎంత బాగా రాసినా ఆ నీళ్లను చూడలేదు. ఇది కాలం తెచ్చిన గ్యాప్. సులువుగా దొరుకుతుంది, కానీ దీనొక్కదాని మీదే నిలబడితే కమిటీ “అప్‌డేట్ చేస్తావా, అంతేనా?” అంటుంది.

ఇప్పుడు మూడింటి శాంపిల్ చూడండి. రైతులను ఎలా ఎంచుకున్నారు? పట్టాదారు పాసు పుస్తకం ఉన్నవాళ్ల జాబితా నుంచి అనుకుందాం. అంటే కౌలు రైతు ఆ లెక్కలోకే రాలేదు. ఇక్కడ ఆగి ఆలోచించాలి. చీనీ మొక్క నాటితే కాపు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. నోటిమాట కౌలు చాలాచోట్ల ఏడాదికే. కళ్యాణదుర్గం దగ్గర టీ కొట్టులో ఒకాయన నాతో అన్న మాట ఇది: “చెట్లు పెట్టినాక మాకు సేద్యమేముంటాది సార్, కాపలా తప్ప.” ఈ ఒక్క మాటలో ఒక పీహెచ్‌డీ ఉంది. పాత థీసిస్‌లకు ఆయన కనిపించకపోవడానికి కారణం వాళ్ల శాంపిల్. ఇది అసలు గ్యాప్.

అప్పుడు పేరా ఇలా వస్తుంది:

“నాకు అందుబాటులోకి వచ్చిన మూడు అధ్యయనాలు తోటపంటకు మారిన రైతుల ఆదాయాన్ని పరిశీలించాయి. మూడింటిలోనూ శాంపిల్ పట్టాదారులకే పరిమితం. తోటకు పెట్టిన భూమి చాలా ఏళ్లు తోటగానే ఉంటుంది కనుక, ఆ గ్రామాల్లో కౌలుకు దొరికే భూమి తగ్గిందా, తగ్గితే కౌలు రైతు కుటుంబాలు ఏ పనికి మారాయి అన్న ప్రశ్నకు ఈ అధ్యయనాల్లో జవాబు లేదు.”

“నాకు అందుబాటులోకి వచ్చిన” అన్న మాటకు కింద గీత గీసుకోండి. రేపు నాలుగో థీసిస్ ఎవరైనా బయటికి తీసినా మీరు అబద్ధమాడినట్టు కాదు. ఇందులో గొప్పలు లేవు, కరువు జిల్లా అనే ఉపోద్ఘాతమూ లేదు. అనంతపురంలో వానలు తక్కువని కమిటీకి తెలుసు, వాళ్లూ ఇక్కడే ఉంటారు.

చోటు వల్ల వచ్చే గ్యాప్ మీద నాకు పెద్ద నమ్మకం లేదు. “కర్నూలులో చేశారు, అనంతపురంలో చేయలేదు” అంటే ఊరు మారిస్తే జవాబు ఎందుకు మారుతుందో కూడా చెప్పాలి. చెప్పలేకపోతే వదిలేయండి. కానీ జిల్లా హద్దు మాత్రం జాగ్రత్త. 2022 ఏప్రిల్ 4న పాత అనంతపురం జిల్లా 63 మండలాల్లో 32 శ్రీ సత్యసాయి జిల్లాకు పోయి 31 మిగిలాయి. ధర్మవరం, కదిరి, హిందూపురం ఇప్పుడు అటువైపే. 2018 అంకెల పక్కన 2023 అంకెలు పెట్టి “సాగు విస్తీర్ణం సగానికి పడిపోయింది” అని ఒకరు రాశారు. పడిపోయింది సాగు కాదు, జిల్లా. మండలాల వారీగా తీసుకుంటే ఈ గొడవ ఉండదు.

పద్ధతి వల్ల వచ్చే గ్యాప్ గురించి శాంపిల్ పాఠంలో చెప్తాను. మార్జిన్లు, ఫాంట్, కవర్ పేజీ నన్ను అడగొద్దు, మీ డిపార్ట్‌మెంట్ ఇచ్చిన కాగితం చూసుకోండి.

నా అడ్డదారి ఒకటి చెప్తాను, మీ గైడ్ ఒప్పుకోకపోవచ్చు. థీసిస్‌ను వెనక నుంచి చదవండి. చివరి అధ్యాయంలో “ఇకపై చేయదగిన పరిశోధన” అని రెండు పేజీలుంటాయి. తర్వాత మొదటి అధ్యాయంలో “పరిమితులు” చదవండి. ఆ తర్వాత శాంపిల్ ఎంచుకున్న పేరా. ఈ మూడు చోట్లా ఆ స్కాలర్ తాను ఎక్కడ ఆగాడో తనే చెప్పేస్తాడు. మధ్యలో ఉన్న పట్టికలు అవసరమైతే చూడొచ్చు.

ఇక అభ్యాసం. ఈసారి కష్టమే, పది రోజులు తీసుకోండి. మూడు థీసిస్‌లు తెచ్చుకోండి, ఒక్కటైనా 2012కు ముందుది కావాలి. నోటుబుక్కులో ఒక పేజీ గీసి, ఏ రోజు, ఎక్కడ, ఏ స్పెల్లింగుతో వెతికారో, ఎన్ని దొరికాయో రాయండి. కనీసం పన్నెండు వరసలు ఉండాలి. ఒక్కో థీసిస్ ఎక్కడ ఆగిందో మూడేసి వాక్యాలు రాయండి. అవి ముందు పెట్టుకుని గ్యాప్ పేరా మళ్లీ రాయండి, 120 మాటలు మించకుండా. ‘ఎవరూ’, ‘ఇంతవరకు’, ‘మొట్టమొదటి’, ‘సమగ్ర’ అన్న మాటలు కనపడితే చదవకుండా తిప్పి పంపుతాను.

సైన్సు వాళ్లు థీసిస్‌ల బదులు గత ఐదేళ్ల పేపర్లు మూడు తీసుకోవచ్చు.

అన్నీ చేత్తోనే రాయండి. ఫొటో తీసేటప్పుడు పేజీ మీద వేలు పడకుండా చూసుకోండి, పోయినసారి సగం మంది బొటనవేళ్లే చదివాను.