తెలుగు బడి మూసేస్తామంటే ఏమి చేయాలి

చెన్నై కొరుక్కుపేటలో మా అమ్మాయి చదివే తెలుగు మాధ్యమం బడిని, పిల్లలు తగ్గారని వేరే బడిలో కలిపేస్తామన్నారు. మీకూ ఆ మాట వినిపిస్తే ముందుగా ఉత్తర్వు ప్రతి అడగండి. నోటిమాటతో వాదించలేము. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రావాలి.

ఈలోగా పిల్లల లెక్క మీరే తీయండి. అసలు పని ఇదే. నేనూ మరో నలుగురు తల్లులూ సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగాము. ఏ ఇంట్లో ఎందరు పిల్లలు, ఏ తరగతి, ఇంట్లో ఏ భాష, కొత్త బడికి నడక ఎంత, దారిలో రైలు పట్టాలు దాటాలా, అన్నీ నోటుపుస్తకంలో రాశాము. తెలుగు బడి ఉందని తెలియక వేరేచోట చేర్చినవారు మా పక్క వీధిలోనే కనిపించారు. నాకు ఎంత బాధ కలిగిందో!

బడిని కలపవద్దని పెట్టే అర్జీలో ఈ లెక్కతోపాటు రాజ్యాంగం 350ఏ అధికరణాన్ని పేర్కొనండి. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించేందుకు ప్రయత్నించాలని అది రాష్ట్రాలకు, స్థానిక సంస్థలకు చెబుతుంది. బడి యాజమాన్య కమిటీ తీర్మానం జతచేయండి. తమిళంలోనూ ఒక ప్రతి రాయించండి. అందినట్టు ముద్ర వేయించుకున్నాకే కార్యాలయం నుంచి కదలండి.