షెడ్డులో పెట్టిన పవర్ వీడర్ మళ్లీ స్టార్ట్ కాకపోతే: నా అనుభవం

అద్దెకిచ్చే పెట్రోల్ వీడర్లను, అంటే కలుపు తీసే యంత్రాలను, కలుపు సీజన్ అయ్యాక షెడ్డులో పెడతాం. మళ్లీ తీసేసరికి ఎంత తాడు లాగినా అందుకోవు, అందుకున్నా చోక్ వేస్తేనే నడుస్తాయి. ప్లగ్గు మార్చాం, ఫిల్టర్ కడిగాం, కొత్త పెట్రోల్ పోశాం; లాభం లేదు.

చివరికి పెట్రోల్ ట్యాప్ కట్టేసి, కార్బురేటర్ కింది గిన్నె విప్పాను. అడుగున పాత పెట్రోల్ ఎండి మిగిలిన పచ్చటి జిగురు. మెయిన్ జెట్ (పెట్రోల్ వెళ్లే సన్నటి రంధ్రమున్న మర) ఊడదీసి వెలుతురుకు పెడితే రంధ్రమే కనపడలేదు. క్లీనర్ కొట్టి, కరెంటు వైరులోని సన్నటి రాగిపోగుతో పొడిచాను. ఇనుప సూది మాత్రం వద్దు, రంధ్రం పెద్దదైతే పెట్రోల్ తాగేస్తుంది. బిగించి లాగగానే అందుకుంది.

ఇప్పుడు లోపల పెట్టేముందు ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతటదే ఆగేదాకా నడుపుతాను. చల్లారాక ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఇంజనాయిలు పోసి, తాడు మెల్లగా లాగి, ప్లగ్గు బిగిస్తాను.

మా వీడర్లకు పనిచేసింది. డీజిల్ వాటికి ఇది కుదరదు. గిన్నె లేని బ్రష్ కట్టర్ల మీద నేను చేసి చూడలేదు.