తుపానుకు ముందు ఊరంతా చూసుకోవలసిన జాగ్రత్తలు

ఎవరి ఇంటికి ఎవరు వెళ్లి పిలవాలో ముందే పేర్లతో రాసుకోండి. హెచ్చరిక చెవిన పడినా మంచం పట్టిన వృద్ధులు, నిండు గర్భిణులు, ఒంటరిగా ఉండేవారు తమంతట తాము కదలలేరు కనుక, ఇక్కడ జరిగే జాప్యానికి ప్రాణాలే మూల్యమవుతాయి.

ఆశ్రయ భవనం తాళంచెవి కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి. అర్ధరాత్రి జోరువానలో, పసిపిల్లలను ఎత్తుకున్న తల్లులు మూసిన తలుపు ముందు నిలబడకూడదు.

గాలి హఠాత్తుగా ఆగినా బయటికి రావద్దు. అది తుపాను కన్ను, అంటే తుపాను నడుమ ఉండే ప్రశాంత భాగం, కావచ్చు; అది దాటగానే ఎదురు దిక్కు నుంచి గాలి మళ్లీ అంతే ఉధృతంగా విరుచుకుపడుతుంది.

పారే నీటిలోకి వాహనం దించవద్దు. 60 సెంటీమీటర్ల లోతున్న ప్రవాహం చాలా కార్లను కొట్టుకుపోయేలా చేయగలదు.

జనరేటరును ఇంటి లోపల నడపవద్దు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువుకు వాసన ఉండదు.