కొయ్యకాళ్ళ చేలో దిగే విమానానికి కాళ్ళు

మాది పాలకొల్లు దగ్గర పల్లె. రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ మోటార్లు కాలిపోతే వైండింగు చుట్టడం నా పని. సాయంత్రం ఎండ తగ్గాక దుకాణం కుర్రాడికి అప్పజెప్పి, మా మేనల్లుడితో కలిసి రిమోట్ విమానం ఎగరేస్తాను. మాకు సిమెంటు రన్‌వేలు లేవండి. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలయ్యి కాలువలు కట్టేశాక మా బావ చేనే మా ఎయిర్‌పోర్టు. కోత మిషను వదిలిన కొయ్యకాళ్ళు జానెడు ఎత్తున ఉంటాయి. బావ ట్రాక్టరు పదిసార్లు అటూ ఇటూ తిప్పితే కొంతమేర పడుకుంటాయి, మొండి మొదళ్ళు మాత్రం అలాగే ఉంటాయి. వాటి మధ్య బంకమట్టి ఎండి నెర్రెలిచ్చి ఉంటుంది. చిన్న చక్రం ఆ నెర్రెలో పడిందంటే అక్కడే ఆగిపోతుంది, విమానం మాత్రం ఆగదు.

నాది ఐదడుగుల రెక్క ఉన్న ట్రైనర్, అంటే ఎగరేయడం నేర్చుకునేవాళ్ళ విమానం, బ్యాటరీతో కలిపి 2.4 కిలోలు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ముందు ఆయిల్ ఇంజన్ ఉండేది, తీసేసి కరెంటు మోటారు పెట్టాను. ముక్కు కింద ఒక చక్రం, వెనక రెండు. మొదటిరోజే ముక్కు చక్రం తీగ వంగింది. సరిచేశాను. మూడోరోజు తీగ వంగలేదు, మోటారు బిగించిన ముందు గోడ చెక్కనే పీకేసింది. "రెక్క బాగానే ఉంది మావయ్యా, కాళ్ళే లేవు" అన్నాడు మా వాడు.

ముక్కు చక్రం పీకేసి, రెండు ప్రధాన కాళ్ళు ముందుకు జరిపి, తోకకి చిన్న చక్రం పెడదామనుకున్నాం. ఇలాంటి నేలకి అదే సరి. అయితే అక్కడ నేనొక తప్పు చేశాను. మోటార్ల పనివాణ్ణి కదా, గట్టిగా చేస్తే సరిపోతుందనుకున్నాను. పాత కాళ్ళు 10 గేజి తీగ, అంటే 3.25 మిల్లీమీటర్లు. దాని బదులు 6 గేజి, దగ్గర దగ్గర 4.9 మిల్లీమీటర్ల తీగ వంచి, వెనకనుంచి ఇంకో తీగ ఆనించి త్రికోణంలా కట్టేశాను. ఏనుగు ఎక్కినా వంగదు అనుకున్నాను. నిజంగానే వంగలేదు. రెండో దిగుడుకి కాళ్ళు రెండూ, వాటితోపాటు విమానం అడుగు పలక, బ్యాటరీ పెట్టే తట్ట, అన్నీ కలిసి చేలో మిగిలిపోయాయి. పైభాగం ఒక్కటే ముందుకెళ్ళి గట్టుకి కొట్టుకుంది.

ఎందుకలా అయిందో ఆ రాత్రి లెక్క వేశాను. విమానం 30 సెంటీమీటర్ల ఎత్తునుంచి పడిందనుకోండి. నేలని తాకేసరికి వేగం సెకనుకి 2.4 మీటర్లు. కాళ్ళు ఒక్క సెంటీమీటరే కుంగితే ఆ వేగమంతా ఆ సెంటీమీటరులోనే చావాలి. అప్పుడు అడుగు పలక మీద పడే బలం సగటున బరువుకి 31 రెట్లు, అంటే 75 కిలోల దాకా. సరిగ్గా ఒక ధాన్యం బస్తా! అదే కాళ్ళు 4 సెంటీమీటర్లు కుంగితే ఎనిమిదిన్నర రెట్లే, 20 కిలోలు. రెక్క మోసే భాగం ఈ లెక్కలో తీసుకోలేదు, అసలు దిగుడులో ఇంకా తక్కువే పడుతుంది. పూర్వం కావడి మోసేవాళ్ళు గడకర్రకి బదులు వెదురు బద్ద ఎందుకు పెట్టుకునేవారో అప్పుడు తలకెక్కింది.

కాబట్టి ముందు ఏది వంగాలి, తర్వాత ఏది తెగాలి, ఏది అసలు చెక్కుచెదరకూడదు అని వరస రాసుకుని పనిలోకి దిగాను. తీగ వంగాలి, నైలాన్ పట్టీలు తెగాలి, అడుగు పలక ఉండాలి.

తీగ సంగతి చూద్దాం. తీగ మందం కొంచెం పెరిగితే బిగువు చాలా పెరుగుతుంది, ఎందుకంటే అది మందం నాలుగో ఘాతంతో పోతుంది. 10 గేజికీ 6 గేజికీ మందంలో తేడా ఒకటిన్నర రెట్లే, బిగువులో ఐదు రెట్లు. రెండున్నర కిలోల విమానానికి 8 గేజి, అంటే 4 మిల్లీమీటర్ల పైచిలుకు, నాకు సరిపోయింది. పియానో వైరు దొరికితే సరే, లేకపోతే స్ప్రింగులు చుట్టే దుకాణంలో స్ప్రింగు తీగ అడగండి. కంచె వేసే జి.ఐ. తీగ, వెల్డింగు చువ్వ ముట్టుకోవద్దు. తేడా తెలియాలంటే కొంచెం వంచి వదలండి. స్ప్రింగు తీగ చటుక్కున వెనక్కొస్తుంది, మిగతావి వంగినచోటే ఉండిపోతాయి.

వంచడం చల్లగానే వంచాలి. గ్యాసు మంట పెట్టి ఎర్రగా చేస్తే సుఖంగా వంగుతుంది, కానీ ఆ చోట పదును పోయి మెత్తబడుతుంది, మొదటి దిగుడుకే అక్కడ మడత పడుతుంది. గ్యాసు వెల్డింగుకీ ఇదే మాట. బెంచి వైసులో బిగించి, పైన ఇనప పైపు తొడిగి నెమ్మదిగా లాగండి. వైసు దవడ అంచు పదునుగా ఉంటే ఆకురాయితో గుండ్రం చేయండి. మూల దగ్గర మలుపు తీగ మందానికి రెండింతలైనా వెడల్పు ఉండాలి, లేకపోతే అక్కడ కంటికి కనపడని పగులు వస్తుంది. కోతకి మామూలు రంపం పనికిరాదు, పళ్ళు పోతాయి. గ్రైండరు చక్రంతో కోయండి, కళ్ళద్దాలు పెట్టుకుని. పెట్టుకోకపోతే ఏమవుతుందో మా వీధిలో వెల్డింగు చేసేవాళ్ళని అడిగితే చెప్తారు.

ఇక కాళ్ళు ఎక్కడ పెట్టాలి? తోక చక్రం విమానానికి ప్రధాన చక్రాల ఇరుసు బరువు కేంద్రానికి, అంటే వేలి మీద ఆనిస్తే విమానం ముందుకీ వెనక్కీ వాలకుండా నిలిచే చోటుకి, ముందుండాలి. బాడీని సమంగా నిలబెట్టి, బరువు కేంద్రం నుంచి ఇరుసుకి గీత గీస్తే అది నిట్టనిలువుకి 15 డిగ్రీలు ముందుకు వాలాలి. నా విమానంలో బరువు కేంద్రం ఇరుసుకి 22 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది, ఆ లెక్కన ఇరుసు 6 సెంటీమీటర్లు ముందుండాలి. కొయ్యకాళ్ళలో ముక్కు మీద బోర్లా పడుతుందని భయపడి నేను 8 పెట్టాను, అంటే 20 డిగ్రీలు, రెక్క ముందంచు కిందికి. మరీ ముందుకు జరిపితే దిగినప్పుడు కప్పలా గెంతుతుంది, నేల మీద తోక గిర్రున తిరుగుతుంది. చక్రాల మధ్య దూరం రెక్క పొడవులో పావువంతు ఉంటే మంచిది, నాది 38 సెంటీమీటర్లు. చక్రాలు ఒకటి రెండు డిగ్రీలు లోపలికి చూడాలి. బయటికి మాత్రం చూడకూడదు.

ఇప్పుడు అడుగు పలక, పనిలో సగం ఇదే. చిరిగిన చెక్కంతా కోసి పారేశాను. ఆయిల్ ఇంజన్ వాడిన విమానమైతే ఆముదం కలిసిన ఇంధనం చెక్కలోకి ఇంకి ఉంటుంది. దాని మీద ఏ జిగురూ పట్టదు. గోరుతో గీరితే మట్టి రంగులో జిడ్డు తగిలిందా, ఆ ముక్క వదులుకోండి. ఓ మోస్తరుగా ఉంటే టాల్కం పౌడరు చల్లి రాత్రంతా వదిలేసి, దులిపి, అసిటోన్‌తో తుడవండి. ఒకసారికి పోదు, రెండు మూడుసార్లు చేయాలి.

కొత్త పలక 3 మిల్లీమీటర్ల బిర్చ్ ప్లై, 9 సెంటీమీటర్ల వెడల్పు, 11 పొడవు. బీరువాలకి వాడే చవక ప్లై లోపలి పొరల్లో ఖాళీలుంటాయి, సరిగ్గా మేకు దిగేచోటే ఖాళీ వస్తుంది. పైపొర పీచు బాడీకి అడ్డంగా ఉండేలా పెట్టండి. పలక పొడవు కనీసం రెండు అడ్డగోడలని తాకాలి, అప్పుడే బలం ఒకచోట కాకుండా బాడీ అంతా పంచుకుంటుంది. పక్క చెక్కలతో కలిసే మూలల్లో త్రికోణపు బద్దలు, అరగంటలో గట్టిపడే ఎపాక్సీ జిగురు. ఐదు నిమిషాల ఎపాక్సీ తొందరగా గడ్డకట్టి చెక్కలోకి ఇంకదు, మా ఎండలకి మరీనూ. పైన లోపలివైపు పలచని ఫైబర్ గ్లాసు బట్ట ఒక పొర, అది పక్క గోడల మీదికి రెండు వేళ్ళ మేర ఎక్కాలి. బట్టకి పట్టించే రెజిన్ జిగురు ఎక్కువ పోస్తే బలం రాదు, బరువు వస్తుంది. పాత ఏటీఎం కార్డుతో గీకి తీసేయండి.

ఆ పలక మీద కాళ్ళని పట్టుకునే దుంగ. పుస్తకాల ప్రకారం మేపుల్ చెక్క. మాకు నల్లతుమ్మ ఉంది, బండి చక్రాలు చేసేది. 12 మిల్లీమీటర్ల మందం, 20 వెడల్పు, బాడీ వెడల్పంత పొడవు. టేకు వాడితే అందులో నూనె ఉంటుంది, అతికించే ముందు అసిటోన్‌తో తుడవాలి. దుంగ మధ్యలో పొడుగునా 4 మిల్లీమీటర్ల లోతు, 8కి కొంచెం పైన వెడల్పు గాడి తీయండి. రెండు కాళ్ళ తీగలూ అందులో పక్కపక్కన పడుకుంటాయి. ఎడమ కాలి తీగ కుడి చివరదాకా పోయి అక్కడ పైకి వంగి రంధ్రంలో దిగుతుంది, కుడిది ఎడమకి. రంధ్రాల దగ్గర లోపలివైపు ఇంకో చిన్న తుమ్మ ముక్క అతికించి లోతు 25 మిల్లీమీటర్లు వచ్చేలా చూడండి. ఈ ఏర్పాటులో అసలు కిటుకు ఏంటంటే, చక్రం కొయ్యకాలికి తగిలి వెనక్కి పోతే గాడిలో ఉన్న తీగ తడిబట్ట పిండినట్టు మెలి తిరుగుతుంది, మళ్ళీ వెనక్కొస్తుంది. నేను మొదట కట్టిన త్రికోణం ఈ మెలినే ఆపేసింది.

తీగలని గాడిలో ఉంచేది రెండు నైలాన్ పట్టీలు. వాటికి చెక్క మరలు వాడితే నాలుగు దిగుళ్ళకి వదులవుతాయి. 3 మిల్లీమీటర్ల బోల్టులు వేసి లోపల ముళ్ళ నట్లు కొట్టండి. ఇనప పట్టీలు మాత్రం వేయకండి, తెగాల్సింది తెగదు.

పక్కలకి విచ్చుకోకుండా నాకొక ఉపాయం నచ్చింది. పైపర్ కబ్ అనే పాత అమెరికన్ విమానానికి కాళ్ళ మధ్య రబ్బరు తాళ్ళు ఉంటాయి. దాన్ని చూసి, రెండు కాళ్ళకీ మధ్యలో చిన్న కొక్కేలు కట్టి, సైకిలు ట్యూబు అడ్డంగా కోసిన రింగులు రెండు తగిలించాను. కాళ్ళు విచ్చుకుంటే రబ్బరు లాగి పట్టుకుంటుంది. కొక్కెం సైకిలు చక్రం పుల్లతో చేసిందే, 2 మిల్లీమీటర్లు. కట్టడం నా సొంత విద్య కాబట్టి కొంచెం చెప్తాను. రెండు తీగలనీ ఎమరీ కాగితంతో మెరిసేదాకా తోమండి. 22 గేజి రాగి వైరు ఏ వైండింగు దుకాణంలో అడిగినా తుక్కులోంచి ఇస్తారు. దాని ఎనామిల్ గీకేయాలి, లేకపోతే సోల్డరింగ్ పట్టదు. చుట్టు పక్కన చుట్టు, బిగించి, 15 మిల్లీమీటర్ల మేర చుట్టండి. మామూలు సోల్డరింగుకి రాసే రోజిన్ ఉక్కుకి సరిగ్గా పట్టదు, సోల్డరింగ్ యాసిడ్ రాసి 100 వాట్ల ఐరన్‌తో సీసం పారించండి. సీసం చుట్ల మధ్యలోంచి తనంతట తాను లోపలికి పాకితే సరిగ్గా కుదిరినట్టు. తర్వాత వంటసోడా నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయాలి. ఒకసారి బద్ధకించి వదిలేశాను, వారంలో తుప్పు.

చక్రాలు 55 మిల్లీమీటర్ల నుంచి 90కి మార్చాను. పెద్ద చక్రం నెర్రె మీదుగా దాటిపోతుంది. హవాయి చెప్పు అడుగు గుండ్రంగా కోసి, రెండు పొరలు అతికించి, రెండు వైపులా పలచని ప్లై బిళ్ళలు, మధ్యలో ఇత్తడి గొట్టం. మా వాడు నవ్వాడు గానీ కొనే చక్రాలకంటే ఇవే ఎక్కువకాలం వచ్చాయి. చక్రం జారకుండా ఇరుసుకి తొడిగే ఉంగరం, అదే కాలర్, దాని మర ఆనేచోట ఇరుసుని ఆకురాయితో కొంచెం చదును చేయండి, లేకపోతే చక్రం గాల్లోనే ఊడిపోతుంది.

తోక చక్రానికి ఇంకో సైకిలు పుల్ల, చిన్న చక్రం, దాన్ని చుక్కానికి కలపడం. అంతే. చుక్కాని కీళ్ళ మీద బరువు పడకుండా తోక అడుగున పట్టీతో బిగించండి.

ముక్కు చక్రం పోయింది కదా, ముందు బరువు తగ్గి తోక బరువవుతుంది. బరువు కేంద్రం మళ్ళీ చూడకుండా ఎగరేయొద్దు. నేను బ్యాటరీని రెండంగుళాలు ముందుకు జరిపితే సరిపోయింది.

చేలోకి పోయే ముందు ఇంట్లోనే పడేయండి. బ్యాటరీ పెట్టి, రెక్క కట్టి, చాప మీద 10 సెంటీమీటర్ల నుంచి, తర్వాత 20, తర్వాత 30. పక్కన స్కేలు నిలబెట్టి మా వాడు ఫోన్లో స్లో మోషన్ తీశాడు, 30 నుంచి పడితే నాలుగు సెంటీమీటర్లకి కొంచెం తక్కువ కుంగింది. ముందుగా అతుకుల మీద బాల్‌పెన్నుతో అడ్డగీతలు గీసి ఉంచండి. ఏ గీత విరిగినట్టు కనిపించినా అక్కడ జిగురు వదిలినట్టే. మా అక్క మాత్రం "అంత కష్టపడి చేసి మళ్ళీ కింద పడేస్తారేంట్రా" అని తిట్టింది.

ఆ ఎండాకాలమంతా అదే చేలో దిగింది. రెండుసార్లు పట్టీలు తెగి కాళ్ళు విడిగా దొర్లాయి, బాడీకి గీత కూడా పడలేదు. సముద్రం పాటు తీసినప్పుడు పేరుపాలెం బీచిలో తడి ఇసక గట్టిగా, చదునుగా ఉంటుంది, అక్కడా ఎగరేశాం. బీచి నుంచి వచ్చిన రోజు మాత్రం కాళ్ళు విప్పి మంచినీళ్ళతో కడిగి నూనె గుడ్డతో తుడవకుండా పడుకోను. పట్టీలు నాలుగు, బోల్టులు ఎనిమిది అగ్గిపెట్టెలో వేసి రిమోట్ పెట్టెలోనే ఉంచుతాం. అవి అయిపోయిన రోజున ఎంత గాలి బాగున్నా ఇంటికొచ్చేస్తాం.